స్విఫ్ట్ డ్యాష్‌బోర్డులో నావిగేషన్ తెర: కంపెనీలో బిగించినట్టు కుదరాలంటే ఎలా?

రాజోలు పశువైద్యురాలు

అందరికీ నమస్కారం. నేను పశువైద్యురాలిని. మాది కర్నూలు వైపు. బదిలీ మీద కోనసీమలో రాజోలు దగ్గరికి వచ్చాను. మా వైపు చెట్టు తక్కువ, చూపు ఎక్కువ. వెళ్లాల్సిన ఊరు గుడి గోపురంతోనో సెల్ టవర్‌తోనో ముందే కనబడుతుంది. ఇక్కడ కొబ్బరితోటల మధ్య రోడ్డు మలుపు తిరిగితే గాని అవతల ఏముందో తెలియదు. ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకో ఊరు ఎక్కడ మొదలైందో బోర్డు చదివితేనే అర్థమవుతుంది.

నాకు ఫోన్లు వచ్చేది ఎక్కువగా రాత్రిపూట. "గేదె నొప్పులు పడతా ఉందండి, దూడ కాళ్లు కనబడ్డాయి గానీ తల రావట్లేదండి" అంటారు. దారి అడిగితే "లాకుల దగ్గర ఎడమకి తిరిగి, పుంత పట్టుకుని వచ్చేయండి, తూము దాటగానే మా మకాం" అంటారు. పుంత అంటే ఇక్కడ పొలాల మధ్య మట్టిదారి, మకాం అంటే పొలం దగ్గర పశువుల్ని కట్టే చోటు. అది ఇక్కడ పుట్టి పెరిగిన వాళ్లకి సరిపోయే గుర్తు. నేను వాట్సాప్‌లో లొకేషన్ పంపమని, దాన్ని పట్టుకుని వెళ్తాను. అడ్డం తిరిగిన దూడ విషయంలో అరగంట ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కకపోవచ్చు. అందుకే దారి తప్పడం నాకు చిన్న విషయం కాదు.

ఇప్పటిదాకా ముందు అద్దానికి అతికించే హోల్డర్‌లో ఫోన్ పెట్టుకుని నడుపుతున్నాను. ఎండాకాలంలో ఫోన్ కాగిపోయి తెర మసకబారుతోంది. ఆ రబ్బరు గిన్నె వేడికి జారి గేర్ మీద పడుతోంది. అన్నిటికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, రైతు మళ్లీ ఫోన్ చేశాడంటే మ్యాపు వెనక్కిపోయి కాల్ తెర ముందుకొస్తుంది. ఫోన్‌ని మాట్లాడటానికి వదిలేసి, దారి చూపే తెర వేరేగా ఉండాలని నిర్ణయించుకున్నాను.

కారు 2015 స్విఫ్ట్, డీజిల్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ముందు ఓనర్ ఎవరితోనో ఒక ప్లేయర్ పెట్టించాడు. దాని చుట్టూ వేలు దూరేంత సందు ఉంది. గతుకు వచ్చినప్పుడల్లా గడగడమని చప్పుడు. స్టీరింగ్ కింద వైర్ల గుత్తి ఒకటి క్లచ్ పెడల్‌కి కొంచెం పైన వేలాడుతోంది. దగ్గర్లో ఒక షాపులో అడిగితే, పెద్ద తెర కావాలంటే డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్ కొంత కోయాలన్నారు. జీపీఎస్ యాంటెన్నా ప్లేయర్ వెనకాలే పడేస్తే చాలన్నారు. రెండూ నాకు నచ్చలేదు, కానీ కాదనడానికి కారణం చెప్పలేకపోయాను.

అడగాలనుకున్నవి: ప్లాస్టిక్ కోయకుండా ఎంత పెద్ద తెర పడుతుంది? యాంటెన్నా ఎక్కడ పెట్టాలి? సెలవులకి ఊరెళ్తే కారు రోజుల తరబడి కదలదు, ఈ తెర బ్యాటరీని తినేస్తుందా? పని జరుగుతున్నప్పుడు పక్కన నిలబడి నేను గమనించాల్సినవి ఏమిటి?

గట్టు మీద ఇల్లు

మేడమ్, మాది సఖినేటిపల్లి. నా అభిప్రాయం వేరు. ఫోన్‌లో ఉన్న మ్యాపు కంటే కొత్త మ్యాపు ఏ తెరలోనూ ఉండదు. హోల్డర్‌ని అద్దానికి కాకుండా ఏసీ గాలి వచ్చే జాలీకి తగిలించుకోండి. చల్లగాలి ఫోన్ వీపుకి తగులుతుంది కాబట్టి మే నెలలో కూడా అంత కాగదు. చట్టం ప్రకారం కూడా ఇబ్బంది లేదు. డ్రైవర్ దృష్టి చెదరకుండా దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చని 2020లో మోటారు వాహనాల నిబంధనలు మార్చారు.

అయినా తెరే కావాలనుకుంటే ఆండ్రాయిడ్ ఆటో ఉన్నది తీసుకోండి. మ్యాపు మీ ఫోన్‌లోదే నడుస్తుంది, బొమ్మ మాత్రం పెద్ద తెర మీద కనబడుతుంది. కాల్ వచ్చినా మ్యాపు పూర్తిగా మాయమవదు, పక్కనో పైనో చిన్న పట్టీగా వస్తుంది. స్టీరియోలోనే వేరే మ్యాపు పెట్టుకుని, దానికి వేరే సిమ్ వేసి, వేరే రీచార్జ్ చేసుకోవడం దండగ.

పాలకొల్లు వైరింగ్

డాక్టరు గారూ, నేను పాలకొల్లులో కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తానండి. మీరు రాసినదాంట్లో ముందు చూడాల్సింది తెర కాదండి, క్లచ్ దగ్గర వేలాడే వైర్లు. ఎవరి చేతనైనా సరే ఇవాళే వాటిని పైకి కట్టించేయండి. పాదం తగిలి తగిలి పైతొడుగు అరిగిందంటే లోపలి రాగి బయటపడుద్ది. అది స్టీరింగ్ కింద ఇనుముకి తగిలిందంటే షార్టే. రాత్రిపూట ఏ కాలవగట్టు మీదో బండి ఆగిపోతే మీకు ఎంత ఇబ్బందో ఆలోచించుకోండి.

ఇక తెర సంగతండి. ప్లాస్టిక్ కోస్తామన్న వాళ్లకి బండి ఇవ్వొద్దండి. మీ కారుకి కోయాల్సిన పనే లేదు. 2011 నుంచి 2017 దాకా వచ్చిన స్విఫ్ట్‌కి 9 అంగుళాల ఫ్రేములు తయారుగా దొరుకుతాయి. 2018లో వచ్చిన స్విఫ్ట్ డ్యాష్‌బోర్డు వేరండి, దాని ఫ్రేము మీకు కుదరదు. ఆర్డరు పెట్టేటప్పుడు "స్విఫ్ట్ ఫ్రేము" అని ఊరుకోకుండా బండి సంవత్సరం చెప్పండి.

కొలతలు ఒక్కసారి చెప్తాను, షాపులో మాట్లాడటానికి మీకు ధైర్యంగా ఉంటది. స్టీరియో గూడు రెండు రకాలు. సింగిల్ డిన్ అంటే వెడల్పు 180 మి.మీ., ఎత్తు 50 మి.మీ. డబుల్ డిన్ అంటే వెడల్పు అంతే, ఎత్తు మాత్రం 100 మి.మీ. ఏడు అంగుళాల తెర సరిగ్గా ఆ డబుల్ డిన్ గూట్లో దూరుద్ది. తొమ్మిది అంగుళాలది గూట్లోకి దూరదండి, గూడు ముందు కూర్చుంటది. స్టీరియో చుట్టూ ఉండే పాత ప్లాస్టిక్ ముక్క మొత్తం తీసేసి, దాని స్థానంలో కొత్త ఫ్రేము పెడతాం. అది కంపెనీ ముక్క క్లిప్పులు ఎక్కడ పడతాయో అక్కడే పడాలి. తీసిన పాత ముక్కని పారేయకుండా ఇంట్లో దాచుకోండి. బండి అమ్మేటప్పుడు ఎలా ఉన్నది అలా పెట్టేయొచ్చు. కోసేస్తే ఆ అవకాశం పోయినట్టే.

మీ బండిలో సందు ఎందుకొచ్చిందో చూడకుండానే చెప్పొచ్చండి. చుట్టూ రావాల్సిన ఫ్రేము కొనకుండా బాడీ ఒక్కటే దూర్చేసి, పక్కన రెండు స్క్రూలు బిగించి ఉంటారు. వెనకాల ఆనిక లేదు. అందుకే గతుకులో గడగడలాడుద్ది. స్టీరియోకి రెండు పక్కలా ఇనప బ్రాకెట్లు ఉండాలి, అవి డ్యాష్‌బోర్డు లోపలి చట్రానికి నాలుగు స్క్రూలతో పట్టాలి. కొంతమంది పైన రెండే వేసి ఊరుకుంటారు. మీరు పక్కనే ఉండి నాలుగూ వేయించండి. ఫ్రేము మూసే ముందు తెర అంచు పట్టుకుని మెల్లిగా ఊపి చూడండి. అప్పుడు కదిలితే రేపు మోగుద్ది.

విప్పడం దగ్గరే సగం డ్యాష్‌బోర్డులు పాడవుతాయండి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎగదన్నితే అంచుకి గాటు పడుద్ది, ఆ గాటు జన్మలో పోదు. ప్లాస్టిక్ పట్టీలు ఉంటాయి, వాటితోనే లేపాలి. అంచుల వెంబడి పెయింటర్లు వాడే కాగితం టేపు అంటించుకుంటే ఇంకా మంచిది. పదేళ్లు ఎండ తిన్న ప్లాస్టిక్ పెళుసుగా ఉంటది. నేనైతే బండిని కాసేపు ఎండలో ఉంచి, క్లిప్పులు కొంచెం మెత్తబడ్డాక లేపుతాను. వర్షాకాలం తెల్లారుజామున పెట్టుకోను ఆ పని. ముట్టుకునే ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఎయిర్‌బ్యాగులున్న బండైతే తీసిన వెంటనే మొదలెట్టకూడదు, కొన్ని నిమిషాలు ఆగాలి, లోపల కొంత కరెంటు నిలవ ఉంటది. పసుపు రంగు కప్లర్లు, అంటే వైర్లని కలిపే ప్లాస్టిక్ ప్లగ్గులు, కనబడితే అవి ఎయిర్‌బ్యాగువి. వాటి జోలికి పోకూడదు, మీటరు కూడా పెట్టకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, వైరింగండి. పని శుభ్రంగా ఉందా లేదా అనేది నేను ముందువైపు చూసి చెప్పను, తెర వెనకాల చెయ్యి పెట్టి చెప్తాను. కంపెనీ వైర్లు ఒక్కటి కూడా కోయకూడదండి. మీ బండి కప్లర్‌కి ఒక వైపు, కొత్త స్టీరియో కప్లర్‌కి ఒక వైపు సరిపోయే మధ్య వైరింగ్ కిట్టు దొరుకుద్ది. నొక్కితే పడుద్ది, అంతే. మీ ముందు ఓనరు పెట్టించినప్పుడు కంపెనీ కప్లర్ కోసేసి ఉంటారేమో అని నా అనుమానం, ఆ వేలాడే గుత్తి చూస్తే అలాగే ఉంది. అలా అయితే ముందు ఆ కప్లర్‌ని తిరిగి కట్టించాలి. వైర్లు మెలిపెట్టి నల్లటేపు చుట్టడం వద్దండి. మన వైపు గాలిలో తేమ, సముద్రం పక్కన ఉప్పు. మెలిపెట్టిన రాగికి త్వరగా చిలుము పట్టుద్ది. ఎండకి టేపు జిగురు కారిపోద్ది. సరైన క్రింపు, అంటే వైర్లని నొక్కి పట్టే చిన్న లోహపు తొడుగు వేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కించాలి.

రంగులు గుర్తుపెట్టుకోండి. స్టీరియో వైపు పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు తీసుకునేది. ఎరుపు, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేది. నలుపు ఎర్తు. తెలుపు, బూడిద రంగు ముందు స్పీకర్లు, ఆకుపచ్చ, వంకాయ రంగు వెనక స్పీకర్లు. కానీ బండి వైపు వైర్లకి ఈ రంగులే ఉంటాయని నమ్మకూడదండి, మీటరు పెట్టే చూడాలి. తాళం తీసేశాక పసుపుకి వెళ్లే దాంట్లో 12 ఓల్టులు ఉండాలి, ఎరుపుకి వెళ్లే దాంట్లో సున్నా ఉండాలి. తాళం ఒక్క గాటు తిప్పితే రెండో దాంట్లోనూ 12 రావాలి.

మీ బ్యాటరీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉందండి. కొందరు తొందరలో ఎరుపునీ పసుపునీ కలిపి ఒకే దానికి కట్టేస్తారు. రెండూ బ్యాటరీకి కడితే తెర పడుకోదు, రాత్రంతా నడుస్తానే ఉంటది, కొద్ది రోజుల్లో బండి స్టార్టవదు. రెండూ తాళానికి కడితే తీసిన ప్రతిసారీ మొత్తం ఆరిపోయి, మళ్లీ మొదట్నించి లేవడానికి నిమిషం దాకా తింటది, అమర్చుకున్న సెట్టింగులు కూడా కొన్నిటిలో పోతాయి. సరిగ్గా కడితే తాళం తీశాక కాసేపటికి నిద్రలోకి పోయి నామమాత్రం కరెంటు తీసుకుంటది. పని అయ్యాక మీటరుని బ్యాటరీ దారిలో పెట్టి ఎన్ని మిల్లీయాంపులు పోతున్నాయో చూపించమనండి. వారాల తరబడి ఊరెళ్లేటప్పుడు మాత్రం నెగటివ్ తీసి వెళ్లడమే మేలు, తెర ఉన్నా లేకపోయినా.

నారింజ రంగు వైరు ఒకటి ఉంటదండి, దాన్ని చాలామంది వదిలేస్తారు. అది హెడ్‌లైట్లు వేసినప్పుడు తెర వెలుతురు తగ్గించేది. మీరు రాత్రిపూట చీకటి రోడ్ల మీద తిరిగే మనిషి. తొమ్మిది అంగుళాల తెర పగటి వెలుతురుతో మొహం మీద కొడుతుంటే ఎదురుగా గట్టు అంచు కనబడదు. అది తప్పకుండా కట్టించుకోండి.

యాంటెన్నా గురించి ఆ షాపతను చెప్పింది ఒప్పుకోవద్దండి. ప్లేయర్ వెనకాల ఉండేది ఇనప డబ్బా, చుట్టూ ఇనప చట్రం. ఆ యాంటెన్నాకి ఆకాశం కనబడాలి. ప్లాస్టిక్, మామూలు గాజు అడ్డమైనా ఫరవాలేదు, ఇనుము అడ్డం రాకూడదు. నేను డ్యాష్‌బోర్డు పై ప్లాస్టిక్ కింద, ముందు అద్దానికి దగ్గరగా, ఎడమవైపు మూలలో పెడతాను. బయటికి ఏమీ కనబడదు. అయస్కాంతం ఉన్న వైపు కిందకి, నున్నటి వైపు ఆకాశానికి. కింద చిన్న ఇనప రేకు పెట్టి దాని మీద కూర్చోబెడితే పట్టు ఇంకా బాగుంటది. యాంటెన్నా కేబుల్ ఎక్కువైతే కోయకూడదు, అతకకూడదు. వదులుగా చుట్టి గ్లవ్ బాక్స్ వెనకాల కట్టేయాలి. డ్యాష్‌క్యామ్ ఉంటే దాని చార్జరు దీనికి దూరంగా ఉండాలండి. చౌక చార్జర్లు సిగ్నల్‌ని చెడగొడతాయి. ప్యానెల్ మూసే ముందే బండిని షెడ్డులోంచి బయటికి తీయించి, ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో తెర మీద చూసుకోండి. మూసేశాక చెప్తే మళ్లీ విప్పడానికి ఎవడికీ మనసొప్పదు.

మిగిలిన వైర్లన్నీ బట్ట టేపు చుట్టి, స్టీరియో వెనకాల కుక్కకుండా గ్లవ్ బాక్స్ వెనకాలకి తీసుకెళ్లాలి. వెనకాల కుక్కితే తెర ముందుకు తోసుకొస్తుంది, ఫ్రేము అంచు దగ్గర మళ్లీ సందు పడుద్ది. ఫ్యూజు ఎంతది ఉంటే అంతదే. మాటిమాటికీ పోతుందని లావుది వేసేవాళ్ల దగ్గర పని చేయించకండి.

తెర కొనేటప్పుడు దాని ర్యామ్ (పని చేసే మెమరీ) మాత్రం 4 జీబీకి తగ్గొద్దు. 2 జీబీవి మొదట్లో బాగానే ఉండి, మ్యాపు పెద్దది చేసి చూసేసరికి నీలుగుతాయి.

రాజోలు పశువైద్యురాలు

ఇంత ఓపికగా రాసినందుకు ధన్యవాదాలండి. మీరు చెప్పగానే స్టీరింగ్ కింద టార్చ్ వేసి చూశాను. మీ అనుమానం నిజమే, తెల్ల కప్లర్ ఒకటి సగానికి కోసి వదిలేసి ఉంది. వైర్లని ప్రస్తుతానికి పైకి కట్టించాను.

ఇంకో రెండు సందేహాలు. నా కారు నిలిపేది కొబ్బరిచెట్ల కింద తాటాకుల పందిట్లో. ఎలుకలు విపరీతం. ఇంతకుముందు హెడ్‌లైట్ వైరు కొరికేశాయి. కొత్త వైరింగ్‌ని వాటి నుంచి ఎలా కాపాడుకోవాలి? రెండోది, తోటల మధ్య రోడ్ల మీద ఆకాశం అంతగా కనబడదు కదా, యాంటెన్నా పనిచేస్తుందా? గోదావరి పాయల మధ్య లంక ఊళ్ల వైపు వెళ్తే ఫోన్ సిగ్నలే పోతోంది, అప్పుడు మ్యాపు సంగతేమిటి?

ముమ్మిడివరం సర్వేయర్

డాక్టర్ గారి రెండో ప్రశ్నకి నేను జవాబు చెప్తాను. నాది భూముల కొలత పని. జీపీఎస్ పరికరం పట్టుకుని ఈ తోటల్లోనే తిరుగుతాను.

ఫోన్ సిగ్నల్ వేరు, ఉపగ్రహ సిగ్నల్ వేరు. లంకలో టవర్ అందకపోయినా మీరున్న చోటు తెరకి తెలుస్తూనే ఉంటుంది. తెలియనిదల్లా చుట్టూ ఉన్న రోడ్ల బొమ్మ, ఎందుకంటే అది ఇంటర్నెట్‌లోంచి రావాలి. అందుకని గూగుల్ మ్యాప్స్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు దించుకోండి. పైన రాజమహేంద్రవరం, కింద అంతర్వేది, ఇటు నరసాపురం, అటు కాకినాడ వచ్చేలా చతురస్రం గీసుకుంటే మీ పరిధి మొత్తం అందులో ఉంటుంది. దాన్ని స్టీరియోలోనే దించండి, ఫోన్‌లో ఒక్కచోటే ఉంటే చాలదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ లాంటిది కూడా ఒకటి పెట్టుకోండి. గట్టు దారులు కొన్ని ఒకదాంట్లో లేనివి ఇంకోదాంట్లో దొరుకుతాయి.

కొబ్బరాకు అడ్డం గురించి. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతాయి. కిందకి చేరేసరికి ఆ సంకేతం చాలా బలహీనం. తడిసిన ఆకులు దాన్ని ఇంకొంచెం తగ్గిస్తాయి, నిజమే. అయినా కారు రోడ్డు మీద పోవడానికి కావలసినంత అందుతుంది. నాలుగు ఉపగ్రహాలు కనబడితే చాలు, చోటు లెక్క కట్టేస్తుంది. కొనేటప్పుడు జీపీఎస్ ఒక్కటే కాకుండా రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ కూడా అందుకునేది అడగండి. ఆకుల సందుల్లోంచి ఏ దేశపు ఉపగ్రహం దొరికితే దాన్ని వాడుకుంటుంది. మన దేశపు నావిక్ ఉపగ్రహాలని కూడా పట్టే చిప్పు దొరికితే ఇంకా మంచిది. 2023 మే 29న ఇస్రో పంపిన ఎన్‌వీఎస్-01 నుంచి నావిక్ ఉపగ్రహాలు మామూలు జీపీఎస్ వాడే ఎల్1 పౌనఃపున్యంలోనూ సంకేతం ఇచ్చేలా తయారవుతున్నాయి. చాలా రోజులు ఆపిన కారుని మళ్లీ తీసినప్పుడు మొదట చోటు చూపడానికి కాస్త సమయం తీసుకుంటుంది. పందిట్లోంచి బయటికొచ్చి ఆకాశం కింద ఒక్క నిమిషం ఆగి, అప్పుడు కదలండి.

నేను చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇంకొకటి ఉంది. తెర ఎంత అందంగా కుదిరినా అందులో దారి మన గోదావరి సంగతి తెలియకుండా వేస్తుంది. రాజోలు నుంచి నరసాపురం అడగండి. పాపం అది దూరం తక్కువని సఖినేటిపల్లి రేవుకి తీసుకెళ్లి పంటు, అంటే బండ్లని నది దాటించే పెద్ద పడవ, ఎక్కమంటుంది. రాత్రి పొద్దుపోయాక అక్కడ పంటు ఉండదు. వరద వస్తే పగలు కూడా ఆపేస్తారు. మీరు వెళ్లాల్సింది దిండి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా. కోటిపల్లి, ముక్తేశ్వరం మధ్య కూడా ఇదే తంతు. ఎదుర్లంక దగ్గర యానాం వంతెన మీదుగానో, రావులపాలెం, జొన్నాడ మీదుగానో చుట్టు తిరిగి పోవాలి. మ్యాపు ఆప్షన్లలో "ఫెర్రీలు వద్దు" అన్నది మొదటి రోజే ఆన్ చేసి పెట్టేయండి.

ఫెర్రీలైతే ఆపగలం గానీ కాజ్‌వేలని, అంటే నదిపాయ మీద తక్కువ ఎత్తులో వేసిన రోడ్లని, ఆపే మీట లేదు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ప్రతి వరదకీ మునిగిపోతుంది, మ్యాపులో మాత్రం రోడ్డుగానే ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు, 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. హెచ్చరిక ఇంకా రాలేదు కదా అని లంకల కాజ్‌వేల మీద బండి దింపవద్దు, అవి అంతకుముందే మునుగుతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా లంక ఊరి నుంచి ఫోన్ వస్తే తెరని కాదు, ఫోన్ చేసిన రైతునే అడగండి, "కాజ్‌వే మీద నీళ్లున్నాయా, పడవ మీద రావాలా" అని.

పుంతలు కూడా అంతే. గట్టు మీద పుంతని తెర కారు రోడ్డనుకుంటుంది. వర్షం పడితే నల్లమట్టిలో చక్రం కూరుకుపోతుంది. నాదొక పద్ధతి ఉంది, మీకు పనికొస్తుందేమో చూడండి. వెళ్లి వచ్చిన ప్రతి చోటునీ మ్యాపులో సేవ్ చేసి, పేరుతో పాటు దారి కూడా రాసి పెట్టుకుంటాను. "తాటిపాక వైపు నుంచి రావాలి, గట్టు దారి వద్దు, వానాకాలం చెరువు దగ్గర బండి ఆపి నడవాలి" ఇలా. ఫోన్‌లో ఏ గూగుల్ ఖాతా ఉందో స్టీరియోలోనూ అదే ఉంటే, ఫోన్‌లో సేవ్ చేసినవన్నీ పెద్ద తెర మీదికి వచ్చేస్తాయి. మీకు ఇది ఇంకా ఉపయోగం. గేదె ఉన్న చోటు రైతు ఇంటి దగ్గర కాదు కదా, మకాం దగ్గర. ఒకసారి గుర్తు పెట్టేసుకుంటే మీ తర్వాత బదిలీ మీద వచ్చే డాక్టరుకి కూడా ఆ జాబితా ఇచ్చి వెళ్లొచ్చు.

దారి మాటలు తెలుగులో పెట్టుకోండి, గూగుల్‌లో ఉంది. తెర డ్యాష్‌బోర్డు మధ్యలో కిందికి ఉంటుంది కాబట్టి చీకట్లో దాన్ని చూడటం కంటే వినడమే క్షేమం.

గట్టు మీద ఇల్లు

సర్వేయర్ గారు పంటు సంగతి చెప్పింది అక్షరాలా నిజం. మా రేవు దగ్గర రాత్రిళ్లు బయటి ఊరి కార్లు వచ్చి ఆగి వెనక్కి తిరగడం చూస్తూనే ఉంటాం. అక్కడ కారు తిప్పుకోవడానికి చోటు కూడా సరిగ్గా ఉండదు. ఆఫ్‌లైన్ మ్యాపు స్టీరియోలో ఉండాలన్నది నేను ఆలోచించలేదు. లంకల్లో తిరిగేవాళ్లకి అది అవసరమే. డాక్టర్ గారికి సిమ్ వద్దు గానీ వేరే తెర ఉండటం సబబే అనిపిస్తోంది.

పాలకొల్లు వైరింగ్

ఎలుకల సంగతి చెప్పడం మిగిలిపోయిందండి. వాటికి కావాల్సింది వెచ్చదనం, గూడు కట్టుకోవడానికి మెత్తటి సామాను. బండి లోపలికి అవి ఎక్కువగా వచ్చేది ఏసీ గాలి లోపలికి పీల్చే దారిలోంచి, ఇంజను గోడలో వైర్లు దూరే రబ్బరు బుష్ పక్క నుంచి. కొత్త వైరు ఏదైనా ఇంజను వైపు నుంచి తెస్తే గోడకి కొత్త కన్నం పెట్టనివ్వకండి. ఉన్న రబ్బరు బుష్‌లోంచే తేవాలి, సందు మిగిలితే సీలెంటుతో మూసేయాలి. నిజానికి మీ తెరకి ఇంజను వైపు వైరు అక్కర్లేదు, కావాల్సిన కరెంటంతా స్టీరియో కప్లర్‌లోనే వస్తది. డ్యాష్‌బోర్డు లోపల వైర్లకి బట్ట టేపు పైన ముడతల గొట్టం తొడిగిస్తే కొరకడం కష్టమవుద్ది. గ్లవ్ బాక్స్ వెనకాల ఏసీ ఫిల్టర్ ఉంటే దాన్ని మధ్యమధ్యలో తీసి చూస్తుండండి. కొబ్బరిపీచు ముక్కలు కనబడ్డాయంటే అక్కడ కాపురం మొదలైనట్టే. పందిట్లో దాణా బస్తాలు, గోనెలు కారు పక్కన పెట్టొద్దండి. మీ వృత్తిలో అవి ఉంటాయి కదా, అందుకని చెప్తున్నా.

కోసిన కప్లర్ గురించి. స్విఫ్ట్‌ది ఆడ మగ రెండు వైపులా కప్లర్లు వైర్లతో సహా దొరుకుతాయి. ఒక్కో వైరూ మీటరుతో గుర్తించి, పాత కప్లర్‌లో ఎక్కడ ఉండేదో అక్కడికే కట్టించి, ఆ తర్వాత మధ్య కిట్టు పెట్టించండి. పూట పని అదొక్కటే ఉంటది. "ఎందుకండీ, డైరెక్టుగా కొత్త స్టీరియోకి కలిపేస్తాను" అంటారు. వద్దనండి. రేపు స్టీరియో మారిస్తే మళ్లీ అదే గుత్తి.

వెనక కెమెరా కూడా పెట్టించుకోండి. రేవు దగ్గరా గట్ల మీదా వెనక్కి తీసుకోవాల్సి వస్తది కదా. దాని వైరు గుమ్మం పట్టీల కింద నుంచి తేవాలి, సీట్ల కింద తివాచీ మీద నుంచి కాదు. వెనక తలుపు దగ్గర మడతపడే రబ్బరు గొట్టంలోంచే దాటించాలి. రివర్సు లైటు దగ్గర కలిపే చోట జిగురున్న స్లీవ్ వేయించండి, అక్కడ వాన నీళ్లు చేరతాయి.

రాజోలు పశువైద్యురాలు

అందరికీ కృతజ్ఞతలు. "ఫెర్రీలు వద్దు" ఇప్పుడే ఫోన్‌లో ఆన్ చేశాను. సర్వేయర్ గారి పద్ధతి నాకు బాగా నచ్చింది. మా హాస్పిటల్లో గోపాలమిత్రలకి (ఊళ్లలో పశువులకి కృత్రిమ గర్భధారణ చేసేవాళ్లు) కూడా చెప్పి, మకాంల గుర్తులు అందరం ఒకే జాబితాలో వేసుకోవాలనుకుంటున్నాం. తెర 9 అంగుళాలది, 4 జీబీ, ఆండ్రాయిడ్ ఆటో కూడా ఉన్నది చూసుకున్నాను. కెమెరా కూడా పెట్టిస్తాను.

ఒక్క విషయం. ఫ్రేము రెండు రకాలు చూపిస్తున్నారు, నిగనిగలాడే పియానో నలుపు, మామూలు మసక నలుపు. ఏది తీసుకోమంటారు? తీసుకున్నాక కారు మీ దగ్గరికే తెస్తాను.

పాలకొల్లు వైరింగ్

మసకదే తీసుకోండి డాక్టరు గారూ. నిగనిగలాడేది షాపులో బాగుంటది, మధ్యాహ్నం ఎండ పడితే దాని మెరుపు మీ కళ్లలోకి కొడుద్ది. తుడిచినప్పుడల్లా గీతలు కూడా పడతాయి. మీ డ్యాష్‌బోర్డు గరుకు నలుపుకి పక్కన మసక నలుపే కలిసిపోద్ది.

తెచ్చేటప్పుడు ఫ్రేముతో వచ్చిన క్లిప్పులు, స్క్రూల పొట్లం విప్పకుండా అలాగే తీసుకురండి. ముందు ఓనరు ఇచ్చినవేమైనా పాత బ్రాకెట్లు డిక్కీలో పడి ఉంటే అవి కూడా. పొద్దున్నే వచ్చేయండి, ఒక పూట కప్లర్‌కే పోద్ది. చించినాడ వంతెన దిగాక ఫోన్ చేస్తే మా కుర్రాడిని రోడ్డు మీదకి పంపిస్తాను.